జాంబీస్ జాడలో ఒక రోజు: సెయింట్ ఆల్బన్స్ నుంచి అబ్బీ రోడ్ దాకా

పాటల పిచ్చితో లండన్ వెళ్లినవాళ్లు ముందు పరిగెత్తేది బీటిల్స్ ఆల్బమ్ అట్ట మీద కనిపించే అబ్బీ రోడ్ జీబ్రా క్రాసింగ్‌కే. 1960ల నాటి ఇంగ్లిష్ పాప్ బ్యాండ్ జాంబీస్ కోసం వెళ్లేవాళ్లు మాత్రం చేతిలో ఒక్క రోజే ఉంటే అందులో సగానికి పైగా లండన్‌కు ఉత్తరాన ఉన్న సెయింట్ ఆల్బన్స్‌కే కేటాయించాలి. వాళ్ల ఆల్బమ్ 'ఒడెస్సీ అండ్ ఆరకిల్' రికార్డయింది లండన్‌లోనే, కానీ అందులోని గొంతుల కలయికకు పుట్టిల్లు ఈ ఊరు.

సెయింట్ పాంక్రాస్‌లో థేమ్స్‌లింక్ ఫాస్ట్ రైలు ఎక్కితే దాదాపు 20 నిమిషాల ప్రయాణం. సెయింట్ ఆల్బన్స్ సిటీ స్టేషన్లో దిగాలి. ఊళ్లో సెయింట్ ఆల్బన్స్ అబ్బీ అని ఇంకో స్టేషన్ ఉంది, అది వాట్‌ఫర్డ్ జంక్షన్ నుంచి వచ్చే చిన్న లైన్‌కు చివరి స్టేషన్. టికెట్ కొనేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే. లండన్ రైళ్లు, బస్సుల్లో వాడే ఆయిస్టర్ కార్డు ఈ ఊరి దాకా పనిచేయదు. కాంటాక్ట్‌లెస్ బ్యాంకు కార్డు పనిచేస్తుంది, అయితే ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడూ అదే తాకించాలి. ఫోన్‌తో ఎక్కి కార్డుతో దిగితే రెండిటి నుంచీ డబ్బులు పోతాయి.

స్టేషన్ నుంచి విక్టోరియా స్ట్రీట్ మీదుగా పావుగంట నడిస్తే సెయింట్ పీటర్స్ స్ట్రీట్ వస్తుంది. అక్కడి బ్లాక్‌స్మిత్స్ ఆర్మ్స్ పబ్ గోడ మీద నీలం ఫలకం కనిపిస్తుంది. 1961లో తొలి రిహార్సల్‌కు ముందు స్కూలు పిల్లలుగా జాంబీస్ కలుసుకున్నది ఈ పబ్ బయటే. బుధ, శనివారాల్లో ఈ వీధిలోనే సంత. సందడి కావాలంటే ఆ రోజుల్లో వెళ్లండి, ప్రశాంతంగా చూడాలంటే మిగతా రోజులు మేలు.

అసలు సమయం పెట్టాల్సింది కెథీడ్రల్‌లో. ప్రవేశ రుసుము లేదు, విరాళం ఎవరిష్టం వాళ్లది. గోపురం ఇటుకల్ని దగ్గరగా చూడండి. పక్కనే ఉన్న రోమన్ పట్టణం వెరులామియం శిథిలాల నుంచి తెచ్చి కట్టినవి అవి, మామూలు ఇటుక కన్నా పలచగా, వెడల్పుగా ఉంటాయి. జాంబీస్‌లో కీబోర్డు వాయించిన రాడ్ ఆర్జెంట్ చిన్నప్పుడు ఈ కెథీడ్రల్ గాయక బృందంలో పాడినవాడే. సాయంత్రం ఈవెన్‌సాంగ్ ప్రార్థనకు కూర్చుంటే, ఒక గొంతు మీద మరో గొంతు మెట్టు మెట్టుగా ఎక్కే తీరు చెవికి పట్టుబడుతుంది. ఆ తర్వాత ఆ ఆల్బమ్‌లోని 'చేంజెస్' పాట వింటే ఆ తీరు ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. స్కూలు సెలవుల్లో, ముఖ్యంగా ఆగస్టులో, సొంత బృందం పాడదు. కాబట్టి ఆ రోజు ఎవరు పాడుతున్నారో కెథీడ్రల్ వెబ్‌సైట్లో చూసుకుని బయల్దేరండి.

అదే ఆల్బమ్‌లోని 'బీచ్‌వుడ్ పార్క్' పాటలోని చోటు మార్క్‌యేట్ ఊరి దగ్గర ఉంది. బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించిన క్రిస్ వైట్ వాళ్ల నాన్నకు ఆ ఊళ్లో కిరాణా కొట్టుండేది. అయితే ఆ పార్క్ ఇప్పుడు ప్రైవేటు స్కూలు, లోపలికి వెళ్లనివ్వరు. గేటు కోసం సగం రోజు పోగొట్టుకోవడం దండగ.

తిరుగు ప్రయాణంలో ఫాస్ట్ రైలు ఎక్కొద్దు, అది వెస్ట్ హాంప్‌స్టెడ్‌లో ఆగకపోవచ్చు. అన్నిచోట్లా ఆగే రైలెక్కి ఆల్బమ్ పెట్టుకోండి. మొత్తం 35 నిమిషాలు. రైలు దిగి బ్రాడ్‌హర్స్ట్ గార్డెన్స్ చేరేసరికి చివరి పాట నడుస్తుంటుంది. ఆ వీధిలో 165వ నంబరు ఒకప్పటి డెక్కా రికార్డు కంపెనీ స్టూడియో. 1964 జూన్‌లో జాంబీస్ 'షీజ్ నాట్ దేర్' పాట రికార్డు చేసింది అక్కడే. ఇప్పుడది ఇంగ్లిష్ నేషనల్ ఒపెరా వారి రిహార్సల్ భవనం, బయటి నుంచే చూడాలి.

అబ్బీ రోడ్‌కు దిగాల్సింది సెయింట్ జాన్స్ వుడ్‌లో, అక్కడి నుంచి జూబిలీ మెట్రో లైన్లో మూడో స్టేషన్. 'అబ్బీ రోడ్' పేరుతో డీఎల్ఆర్ అనే వేరే రైలు లైన్లో ఇంకో స్టేషన్ ఉంది, అది తూర్పు లండన్లో ఎక్కడో ఉంటుంది. పేరు చూసి అక్కడ దిగినవాళ్లు మళ్లీ ఊరంతా దాటుకుని రావాలి. ఆల్బమ్ రికార్డయిన అబ్బీ రోడ్ స్టూడియోలోకి సందర్శకుల్ని రానివ్వరు. పక్కనున్న దుకాణం, గోడ మీది రాతలు, క్రాసింగ్ అన్నీ కలిపి పావుగంట చాలు. నిజంగా బండ్లు తిరిగే రోడ్డు కాబట్టి ఫొటో కావాలంటే పొద్దున్నే రావాలి.

లోపల ఏం జరిగిందో తెలిసి నిలబడితేనే ఆ పావుగంటకు విలువ. బీటిల్స్ 'సార్జంట్ పెప్పర్' ముగించిన కొద్ది వారాలకే, 1967 జూన్‌లో, జాంబీస్ అక్కడ అడుగుపెట్టారు. ఆల్బమ్ కోసం రికార్డు కంపెనీ సీబీఎస్ ఇచ్చింది 1,000 పౌండ్లు. స్టూడియోలో గంటకింతని లెక్క కాబట్టి అన్నీ బయటే సాధన చేసుకుని వచ్చారు. బీటిల్స్‌లోని జాన్ లెనన్ మెలోట్రాన్ అనే కీబోర్డు వాయిద్యం అక్కడే ఉంటే దాన్నే వాడుకున్నారు. అందులో ఒక్కో మీట కింద ఒక్కో టేపు ముక్క ఉంటుంది. మీట నొక్కి ఉంచితే సుమారు 8 సెకన్లకు టేపు అయిపోయి స్వరం ఆగిపోతుంది, వదిలితే వెనక్కి వస్తుంది. అందుకే వాయించేవాడు ఆ లోపే వేళ్లు మార్చాలి. మోనో మిక్స్ అయ్యేసరికి డబ్బు అయిపోయింది. స్టీరియో కావాలని కంపెనీ అడిగితే ఆర్జెంట్, వైట్ సొంత జేబులోంచి పెట్టుకున్నారు. ఆల్బమ్ 1968 ఏప్రిల్‌లో వచ్చింది, బ్యాండ్ అప్పటికే విడిపోయింది. 1969లో అందులోని 'టైమ్ ఆఫ్ ది సీజన్' పాట అమెరికా హిట్ పాటల జాబితాలో 3వ స్థానానికి ఎక్కినప్పుడు వేదికెక్కి పాడే జాంబీసే లేరు. ఆ పేరుతో నకిలీ బృందాలు అక్కడ ఊరూరా తిరిగాయి.

బస విషయానికొస్తే, వెస్ట్ హాంప్‌స్టెడ్ అన్నిటికన్నా వీలు. థేమ్స్‌లింక్, జూబిలీ రెండూ అక్కడే దొరుకుతాయి. హాట్‌ఫీల్డ్‌లో చదువుకునే మన పిల్లల దగ్గర దిగేవాళ్లూ ఉంటారు. మ్యాపులో పక్కపక్కనే కనిపించినా, హాట్‌ఫీల్డ్ నుంచి సెయింట్ ఆల్బన్స్‌కు నేరుగా రైలు లేదు. బస్సే గతి. పాత రైలు కట్ట ఇప్పుడు ఆల్బన్ వే అనే కాలిబాట, సైకిలుంటే హాయిగా వెళ్లొచ్చు. శాకాహారులకు యూస్టన్ వెనక డ్రమ్మండ్ స్ట్రీట్‌లో దోసెలు దొరుకుతాయి, సెయింట్ పాంక్రాస్ నుంచి నడిచి వెళ్లే దూరమే.