ఆగ్రానమీ (పంటల సాగు శాస్త్రం) పీహెచ్‌డీకి ఏది మేలు? అమెరికానా, నెదర్లాండ్సా, ఆస్ట్రేలియానా?

"అన్నా, ర్యాంకింగ్ చూసి వెళ్లమంటావా, స్టైపెండ్ చూసి వెళ్లమంటావా" అని జూనియర్లు అడగని నెల లేదు. రెండూ చూడండి, కాదనను. కానీ ముందు వేళ్ల మీద ఒక లెక్క వేసుకోండి, ఫండింగ్ ఉన్నన్నాళ్లలో మీ చేతికి ఎన్ని పంటకాలాలు వస్తాయి అని.

మనది ల్యాబ్ సబ్జెక్ట్ కాదు కదా, చెడిపోతే వచ్చే వారం మళ్లీ పెట్టుకుందాం అనుకోడానికి. చలి దేశంలో మొక్కజొన్న మీద నత్రజని ట్రయల్ అంటే ఏడాదికి ఒక్కసారే, జర్నల్ వాళ్లేమో మామూలుగా రెండు సీజన్ల డేటా అయినా అడుగుతారు. నాకు మొదటి ఏడాది గింజ పాలు పోసుకునే టైంలో పావుగంట వడగళ్ల వాన పడింది, మర్నాడు పొద్దున వెళ్లి చూస్తే ఆకులన్నీ పీలికలు, మోకాళ్ల ఎత్తున విరిగిన కాడలు, ఆ ఏడాది డేటా పోయినట్టే. అమెరికాలో ఉన్నాను కాబట్టి ఇంకో ఏడాది లాగించాను గానీ మూడేళ్ల స్కాలర్‌షిప్ అయ్యుంటే నా పని అయిపోయేది.

అందుకే నా ఓటు అటే. నాలుగైదేళ్లు పడుతుంది, కోర్స్ వర్క్ అనీ ప్రిలిమ్స్ (పీహెచ్‌డీ మధ్యలో పాసవ్వాల్సిన పరీక్షలు) అనీ మొదట్లో ప్రాణం తీస్తారు నిజమే, కానీ స్ప్లిట్ ప్లాట్ (పెద్ద మళ్లని చిన్న మళ్లుగా విడగొట్టి పెట్టే ట్రయల్) డేటాని సరిగ్గా ఎలా ఎనలైజ్ చేయాలో నాకు తెలిసింది ఆ స్టాటిస్టిక్స్ క్లాసుల్లోనే. అసిస్టెంట్‌షిప్ (రీసెర్చ్‌లోనో క్లాసుల్లోనో సాయం చేసినందుకు ఇచ్చే స్టైపెండ్) వస్తే వారానికి 20 గంటల పని, ట్యూషన్ ఫీజు చాలాచోట్ల మాఫీ. ఒక్కటే మెలిక, ఆగస్టులో చేరితే కార్న్ బెల్ట్‌లో, అంటే అమెరికాలో మొక్కజొన్న బాగా పండే మధ్య పడమటి రాష్ట్రాల్లో, పైరు అప్పటికే గింజ కట్టేసి ఉంటుంది, మీరు విత్తేది మళ్లీ ఏప్రిల్, మే నెలల్లోనే. జనవరిలో చేరనిస్తారేమో అడగండి.

నెదర్లాండ్స్‌లో వాగెనింగెన్ యూనివర్సిటీ అంటే పంటల మోడలింగ్‌కి (పైరు ఎదుగుదలని కంప్యూటర్‌లో లెక్కకట్టడం) పుట్టిల్లు లాంటిది. నాలుగేళ్లు, ఉద్యోగిగా తీసుకుంటే జీతం, కోర్సుల గోల తక్కువ. అక్కడ శాండ్‌విచ్ పీహెచ్‌డీ అని ఒకటుంది, మొదలూ చివరా అక్కడ, మధ్యలో ఫీల్డ్ వర్క్ సొంత దేశంలో. ఏడాదికి రెండు పంటలు పండే దేశం వాళ్లకి ఇది బంపర్, సీజన్లు డబుల్ అవుతాయి. నాకు ఈ సంగతి అప్పట్లో తెలిసుంటే ఏం చేసేవాణ్ణో.

ఆస్ట్రేలియాలో మెట్ట సేద్యం మీద పని బ్రహ్మాండం, కానీ టైం మూడు, మూడున్నరేళ్లే. గోధుమ ఏప్రిల్ నుంచి జూన్ లోపు విత్తి నవంబర్, డిసెంబర్‌లో కోస్తారు, ఫిబ్రవరిలో చేరితే మూడు పంటలు దక్కుతాయి, జులైలో చేరారో ఒకటి పోయినట్టే, మధ్యలో కరువొస్తే ఇంకోటి.

జర్మనీలో ట్యూషన్ ఫీజు దాదాపు ఉండదు, పోస్టులు మాత్రం ఎక్కువగా సగం జీతానివో, మూడింట రెండొంతులవో. జపాన్, ప్రభుత్వ స్కాలర్‌షిప్ వస్తే వెళ్లొచ్చు.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు రెండే అడగండి, తొలి ట్రయల్ ఏ నెలలో విత్తాలి, ఒక సీజన్ పోతే ఆ ఏడాది డబ్బు ఎక్కణ్ణుంచి వస్తుంది. రెండోదానికి జవాబు నీళ్లు నమిలినట్టు ఉంటే ఆ ల్యాబ్‌లో ఈమధ్య బయటికొచ్చిన వాళ్లనొకర్ని పట్టుకుని, ఎన్నేళ్లు పట్టిందో కనుక్కోండి.