ఆరేళ్లు వాయించాక: నా జాజ్ బేస్, దాని గుయ్‌మనే గోల

2019లో కొన్నాను. అప్పట్లో ఇరవై రెండు వేలు. కంపెనీ పేరు రాయట్లేదు, ఎవరి మీదా ఫిర్యాదు పెట్టే ఉద్దేశం లేదు కాబట్టి. 1960లో అమెరికా గిటార్ కంపెనీ ఫెండర్ తెచ్చిన జాజ్ బేస్ నమూనాలో చేసిన నాలుగు తీగల బేస్ గిటార్ ఇది. రెండు సింగిల్ కాయిల్ పికప్‌లు (తీగల కదలికని కరెంటు సిగ్నల్‌గా మార్చే, అయస్కాంతం చుట్టూ ఒకే తీగచుట్ట ఉన్నవి), రెండు వాల్యూమ్ నాబ్‌లు, ఒక టోన్ నాబ్. రాజమండ్రిలో మా చర్చిలో ప్రతి ఆదివారం వాయిస్తాను, క్రిస్మస్ నెలలో అయితే దాదాపు రోజూ.

ముందు మంచి మాటలు. నెక్, అంటే ఎడమ చేత్తో పట్టుకునే పొడుగాటి భాగం, సన్నగా, చేతికి హాయిగా ఉంటుంది. ట్యూనింగ్ కీలు ఈ ఆరేళ్లలో ఒక్కసారీ మొండికేయలేదు. బ్రిడ్జి (బాడీ మీద తీగల కొసలు పట్టుకునే ఇనుప పలక) వైపు పికప్‌తో వేళ్లకు గట్టి శబ్దం పలుకుతుంది, తబలా, డోలక్ మధ్యలో కూడా వినపడుతుంది. బరువు మాత్రం మామూలుగా లేదు. రెండు గంటల ఆరాధన అయ్యేసరికి ఎడమ భుజం లాగేస్తుంది. వెడల్పాటి స్ట్రాప్ కొనుక్కున్నాక కాస్త నయం.

ఇక గోల సంగతి. కొన్న వారానికే ఆంప్‌లో, అంటే గిటార్ శబ్దాన్ని పెంచే స్పీకర్ పెట్టెలో, కందిరీగ దూరినట్టు ఒకటే గుయ్. మా కీబోర్డు అన్న మొదటిరోజే అడిగాడు: "తమ్ముడూ, ఆ తేనెతుట్టె ఎక్కడ పెట్టావురా?"

ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సింది గోల ఎక్కడిదనేది. కేబుల్ తీసేసి వాయించినా జర్‌మంటుంటే అది కరెంటు గోల కాదు, తీగ ఫ్రెట్‌కి (నెక్ మీది అడ్డ కమ్మీకి) తగులుతోంది. దానికి నెక్ వంపుని సరిచేసే లోపలి కమ్మీ, ట్రస్ రాడ్‌ని పావు చుట్టు తిప్పి, ఒక రోజు ఆగి చూడాలి. నాది ఆంప్‌కి పెడితేనే వచ్చేది, అంటే కరెంటు వ్యవహారమే. రెండో పరీక్ష, తీగల మీద అరచెయ్యి పెట్టడం. చెయ్యి పెట్టగానే గోల తగ్గితే తీగల గ్రౌండ్, అంటే తీగల నుంచి ఆంప్ ఎర్త్ దాకా ఉండే వైరు లంకె, బాగానే ఉన్నట్టు. మన ఒళ్లే గదిలోని గోలని యాంటెన్నాలా పట్టుకుంటుంది, తీగని తాకితే అది గ్రౌండ్‌లోకి పోతుంది. నాకు చెయ్యి పెట్టినా, తీసినా ఒకటే గుయ్.

మల్టీమీటర్ తీసి ఒక పిన్ను బ్రిడ్జికి, ఇంకోటి జాక్ (గిటార్‌లో కేబుల్ గుచ్చే రంధ్రం) బయటి భాగానికి ఆనించాను. బీప్ రాలేదు, అంటే రెండింటికీ మధ్య లంకె లేదు. బ్రిడ్జి ఐదు స్క్రూలు విప్పితే కింద సన్నటి గ్రౌండ్ తీగ కనిపించింది. దాని కొస బాడీకి వేసిన లక్కర్‌లో మునిగి, ఎండిపోయి ఉంది. ఇనుముకి తగలాల్సిన రాగి మీద రంగు పొర! గరుకు కాగితంతో గీకి, పోగుల్ని విసనకర్రలా విప్పి పరిచి బ్రిడ్జి మళ్లీ బిగించాను. బీప్. అప్పుడు చెయ్యి పెడితే నిశ్శబ్దం, తీస్తే గుయ్.

సగం గెలిచాను. మిగతా సగం కోసం, గదిలోని గోల గిటార్ లోపలికి రాకుండా అడ్డు కట్టడానికి రాగి టేప్ తెచ్చాను. జిగురులోంచి కూడా కరెంటు పారే రకం అడిగి తీసుకోవాలి, లేకపోతే ముక్కకీ ముక్కకీ సంబంధం ఉండదు. పికప్ గుంటలు, నాబ్‌ల గుంట, మూత లోపలి వైపు అంతా అతికించి, గుంటల్ని వైర్లతో కలిపి గ్రౌండ్‌కి సోల్డర్ చేశాను. ఆదివారం మధ్యాహ్నం మొత్తం దానికే పోయింది. మూత బిగించి ఆంప్ ఆన్ చేస్తే గుయ్ లేదు. పాట కూడా లేదు! అరగంట చెమటలు పట్టాయి. చివరికి చూస్తే జాక్‌లో సిగ్నల్ మోసే రేకు వంగి రాగి టేప్‌ని ముద్దాడుతోంది. అక్కడ నల్ల ఇన్సులేషన్ టేప్ ఒక ముక్క వేస్తే ప్రాణం లేచొచ్చింది.

రాగి టేప్‌తో అన్నీ పోతాయని మాత్రం అనుకోకండి. ట్యూబ్‌లైట్ చోక్, ఎలక్ట్రానిక్ ఫ్యాన్ రెగ్యులేటర్ల నుంచి వచ్చే జుయ్ బాగా తగ్గింది. ట్రాన్స్‌ఫార్మర్ల అయస్కాంత ప్రభావంతో వచ్చే లోతైన 50 హెర్ట్జ్ హమ్‌ని రాగి ఆపలేదు. దానికి మందు గిటార్‌లోనే ఉంది. రెండు వాల్యూమ్‌లూ సమానంగా తెరిస్తే చాలు. రెండో పికప్‌లో చుట్టు, అయస్కాంతం రెండూ తిరగేసి ఉంటాయి కాబట్టి హమ్‌లు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, తీగల శబ్దం మాత్రం కలుస్తుంది. ఒక్క పికప్‌తోనే వాయించాల్సి వస్తే ఆంప్‌కి దూరంగా జరిగి, ఒళ్లు కాస్త పక్కకి తిప్పి చూడండి. ఒక కోణంలో హమ్ దాదాపు మాయమవుతుంది. నేను స్టేజీ మీద నిలబడే తీరు చూసి సిగ్గుపడుతున్నానని అనుకునేవాళ్లు ఉన్నారు.

ఇంత చేసినా 2022 ఏప్రిల్‌లో ఇంట్లో మళ్లీ గోల. చర్చిలో లేదు, ఇంట్లోనే. పైగా మైకు దగ్గర నోరు పెట్టి తీగ ముట్టుకుంటే పెదవి చురుక్కుమంది. అప్పుడు భయమేసింది. గ్రౌండ్ తీగ అంటే మన చెయ్యి ఆంప్ ఎర్త్‌కి కట్టేసినట్టే, ఎర్త్ సరిగ్గా లేకపోతే ఆటలు కాదు. మాకు తెలిసిన ఎలక్ట్రీషియన్ వచ్చి, బల్బు హోల్డర్ తీగల్ని ఫేజ్‌కీ ఎర్త్‌కీ పెట్టి చూశాడు. బల్బు మినుకుమినుకుమంటోంది.

"ఎర్త్ గుంటలో నీళ్లు పోసి ఎన్నాళ్లయిందండీ?" అని నాన్నని అడిగాడు.

"పోయాలా?" అన్నారు నాన్న.

బొగ్గు, ఉప్పు వేసి తవ్విన పాత గుంట అది, ఎండలకి బీటలు వారి ఉంది. నాలుగు బిందెలు పోసి, పైపు దగ్గర తుప్పు పట్టిన నట్టు మార్చాక బల్బు బాగా వెలిగింది, నా గోలా తగ్గింది. ఇప్పుడు వేసవిలో వారానికోసారి ఆ పని నాదే. గోల పోతుందని ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేసే సలహా ఎవరైనా ఇస్తే దణ్ణం పెట్టి పంపించండి.

ఈ బేస్ మళ్లీ కొంటానా అంటే, కొంటాను. కాకపోతే రాగి టేప్, మల్టీమీటర్ డబ్బు కూడా ధరలో కలుపుకుని కొంటాను. ఇప్పటికీ మిగిలిన చిరాకు ఒకటే, రెండు మూడు నెలలకోసారి జాక్ నట్టు వదులవుతుంది. ఊరికే బయటినుంచి తిప్పి బిగిస్తే లోపల జాక్ కూడా తిరిగి దాని వైర్లు తెగుతాయి. నాకు ఒకసారి తెగాయి కూడా, పాట మధ్యలో. అందుకే మూత విప్పి, లోపల జాక్‌ని వేలితో పట్టుకుని బిగిస్తున్నాను.