1050 టీఐ గ్రాఫిక్స్ కార్డు పేరుతో పాత కార్డులు అంటగడుతున్నారు: పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు వాళ్లు జాగ్రత్త

పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం వైపు ఉండి తక్కువ ధరలో గ్రాఫిక్స్ కార్డు (కంప్యూటర్‌లో గేముల బొమ్మలు నడిపించే భాగం) వెతుక్కుంటున్నవాళ్లు ఇది పూర్తిగా చదవండి. "జీటీఎక్స్ 1050 టీఐ, 4 జీబీ, సీల్ ప్యాక్" అని ఆరేడు వేలకు అమ్ముతున్న వాటిలో అసలు 1050 టీఐ కానివి ఉన్నాయి. మా అక్క కొడుక్కి అలాంటిదే అంటగట్టారు. 2010 ప్రాంతపు చిప్పు మీద 2016 నాటి కార్డు పేరు ఎక్కించి, కొత్త డబ్బాలో పెట్టి ఇచ్చారు.

మావాడు పాలిటెక్నిక్ చదువుతున్నాడు. ఇంట్లో ఉన్నది ఆఫీసు నుంచి తీసేసిన పాత కంప్యూటర్, ఐ5 నాలుగో తరం. దాంట్లో వాలరెంట్, జీటీఏ 5 ఆడుకోవాలని వాడి కోరిక. పెళ్లిళ్ల సీజన్‌లో క్యాటరింగ్ పనికి వెళ్లి, రాత్రిళ్లు వడ్డనలు చేసి దాచుకున్న డబ్బు అది. ఆంధ్ర వైపు ఒక పట్నంలోని కంప్యూటర్ షాపు వాళ్లు వాట్సాప్‌లో ఫొటోలు పంపారు, ఫోన్‌పేలో డబ్బు వేయించుకున్నారు, బస్సు పార్సిల్‌లో కార్డు పంపారు. ఫిర్యాదు ఇంకా తేలలేదు కాబట్టి షాపు పేరు రాయడం లేదు. ఇలాంటి సరుకు ఒక్క షాపులోనే ఉందని కూడా అనుకోకండి.

కార్డు పెట్టగానే విండోస్‌లో పేరు బాగానే కనిపించింది, జీటీఎక్స్ 1050 టీఐ అనే. మెమరీ కూడా 4 జీబీ అనే చూపించింది. 1050 టీఐ చిప్పు కంపెనీ ఎన్విడియా సైట్ నుంచి కొత్త డ్రైవర్ (కార్డుని విండోస్‌తో పనిచేయించే సాఫ్ట్‌వేర్) వేస్తే తెర నల్లబడి, కంప్యూటర్ దానంతట అదే రీస్టార్ట్ అయింది. షాపుకి ఫోన్ చేస్తే, "డబ్బాలో ఇచ్చిన సీడీలో డ్రైవర్ ఉంది, అదే వెయ్యండి, అప్‌డేట్ మాత్రం ఎప్పుడూ చెయ్యకండి" అన్నారు. ఈ మాట ఎవరు చెప్పినా అక్కడే ఆగిపోండి. అసలైన కార్డుకి కంపెనీ సైట్‌లోని డ్రైవర్ పనిచేసి తీరాలి. అమ్మినవాడు ఇచ్చిన డ్రైవర్‌తో మాత్రమే నడిచే కార్డులో ఏదో దాస్తున్నట్టే.

ఆ సీడీ డ్రైవర్‌తో తెర వచ్చింది. పాత చిన్న గేములు ఆడాయి. జీటీఏ 5 తెరిస్తే లోడింగ్ దాకా వెళ్లి బయటికొచ్చేసేది. సెట్టింగులు బాగా తగ్గిస్తే కాసేపు నడిచి, మెమరీ ఎక్కువ వాడే చోటికి రాగానే రంగు గళ్లు పడి ఆగిపోయేది. "మావయ్యా, ర్యామ్ సరిపోవడం లేదేమో, ఇంకో 8 జీబీ కొందామా" అని వాడు అడిగాడు. షాపువాళ్లే అలా చెప్పారట. అంటే ఒక మోసం మీద ఇంకో ఖర్చు పెట్టించబోయారు.

ఇక్కడ ఏం జరుగుతుందో అర్థం చేసుకుంటే మీరు సులువుగా పట్టుకోగలరు. గ్రాఫిక్స్ కార్డులో బయాస్ అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉంటుంది. కంప్యూటర్‌కి తన పేరేంటో, మెమరీ ఎంతో చెప్పేది అదే. జీటీఎస్ 450, జీటీఎక్స్ 550 టీఐ లాంటి, ఎన్విడియా ఫెర్మీ అని పిలిచే పాత తరం కార్డులు 2010, 2011లో వచ్చాయి. వాటిని తీసుకుని బయాస్ మార్చి 1050 టీఐ అనో, 960 అనో, 1060 అనో పేరు ఎక్కిస్తారు. లోపల ఉన్న మెమరీ 1 జీబీయే అయినా 4 జీబీ అని రాస్తారు. గేమ్ ఆ మాట నమ్మి లేని మెమరీలో బొమ్మలు పెట్టబోతుంది, అక్కడ కుప్పకూలుతుంది. ఈ ఫెర్మీ కార్డులకు గేమ్ రెడీ డ్రైవర్లను, అంటే కొత్త గేముల కోసం ఇచ్చే డ్రైవర్లను, ఎన్విడియా 2018లోనే ఆపేసింది. కొన్ని కొత్త గేములు వాడే వల్కన్ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ వాటిలో అసలు పనిచేయదు. కాబట్టి సెట్టింగులు ఎంత మార్చినా, ర్యామ్ ఎంత పెంచినా లాభం లేదు.

పట్టుకునే పద్ధతి ఉచితం. టెక్‌పవర్‌అప్ వాళ్ల జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం ఉంది. 2018లో వచ్చిన 2.12 వెర్షన్ నుంచి అది ఇలాంటి నకిలీ ఎన్విడియా కార్డులను గుర్తుపట్టి పేరు ముందు ఫేక్ అని చూపిస్తుంది. మావాడి కార్డుకి అలాగే వచ్చింది. చిప్పు పేరు దగ్గర జీఎఫ్116 అని, షేడర్ల (బొమ్మల లెక్కలు చేసే చిన్న యూనిట్ల) దగ్గర 192 అని ఉంది. నిజమైన 1050 టీఐలో చిప్పు జీపీ107, షేడర్లు 768. ఈ రెండు అంకెలు ఫోన్‌లో రాసి పెట్టుకోండి. షాపువాడి కంప్యూటర్‌లో ఉన్న జీపీయూ-జెడ్ నమ్మకండి, పాత వెర్షన్ అయితే ఫేక్ అని చూపించదు. మీ పెన్‌డ్రైవ్‌లో తాజా వెర్షన్ వేసుకుని వెళ్లండి.

ప్రోగ్రాం నడిపే వీలు లేకపోతే కార్డు వెనక వైపు చూడండి. పాస్కల్ తరం (1050 టీఐ ఆ తరానిదే) నుంచి ఎన్విడియా చిప్పుల్లో అనలాగ్ అవుట్‌పుట్, అంటే పాత వీజీఏ మానిటర్లకు పోయే సిగ్నల్, లేదు. 1050 టీఐ అని చెప్పే కార్డుకి నీలం రంగు వీజీఏ పోర్టు ఉంటే గట్టిగా అనుమానించాలి. మావాడి కార్డుకి అదే ఉంది. "పాత మానిటర్‌కి కూడా పనికొస్తుంది" అని షాపువాడు దాన్నే గొప్పగా చెప్పాడు. డబ్బా మీద కంపెనీ పేరు లేకుండా పెద్ద అక్షరాల్లో చిప్పు పేరు మాత్రమే ఉన్నా, కార్డు మీద సీరియల్ నంబర్ స్టిక్కర్ లేకపోయినా, ఉన్న నంబర్ డబ్బా మీది నంబర్‌తో కలవకపోయినా తీసుకోవద్దు.

ఇప్పుడు మన సరిహద్దు ఊళ్ల సంగతి. నాకు ఎక్కువ కోపం తెప్పించింది ఇదే. కార్డు వాపసు తీసుకోమంటే షాపువాడు, "మీది ఒడిశా కదా, ఇక్కడి వారంటీ అక్కడ చెల్లదు, కేసు వేసినా ఇక్కడికే వచ్చి వేసుకోవాలి" అన్నాడు. అటు పాతపట్నం ఆంధ్ర, ఇటు పర్లాకిమిడి ఒడిశా. మనం రోజూ అటూ ఇటూ తిరిగేవాళ్లం. ఆ గీతని చూపించి మనల్ని బెదిరిస్తున్నారు. ఆ రెండు మాటలూ అబద్ధం. ఇండియాలో అధికారికంగా అమ్మే కార్డు వారంటీ సీరియల్ నంబర్ మీద ఉంటుంది, రాష్ట్రం మీద కాదు. కేసు విషయానికొస్తే, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవాడు నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేయొచ్చు. మనం గజపతి జిల్లాలో ఉంటే గజపతి జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయొచ్చు, రాయగడలో ఉంటే రాయగడలోనే. 5 లక్షల లోపు కొనుగోలుకి ఫీజు లేదు. లాయర్ లేకుండా మనమే మాట్లాడుకోవచ్చు. గడువు రెండేళ్లు. వినియోగదారుల కేసులకున్న ఈ-జాగృతి ఆన్‌లైన్ పోర్టల్‌లో ఇంటి నుంచే వేయొచ్చు కూడా.

దానికంటే ముందు 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మేము అక్కడ ఫిర్యాదు నమోదు చేశాకే షాపువాళ్ల గొంతు మారింది. అప్పటిదాకా ఫోన్ ఎత్తనివాళ్లు సగం డబ్బు ఇస్తామని రాయబారం పంపారు. మేము ఒప్పుకోలేదు, పూర్తి డబ్బు అడుగుతున్నాం. అమ్మినవాడు షాపు లేని మనిషయి, డబ్బు తీసుకుని నంబర్ బ్లాక్ చేసి మాయమైతే అది సైబర్ మోసం. వెంటనే 1930కి చెప్పాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

బిల్లు గురించి పట్టుదలగా ఉండండి. "ఎస్టిమేట్" అని రాసిన స్లిప్ ఇస్తే ఒప్పుకోకండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని చట్టమే అనుచిత వ్యాపార పద్ధతి అంటోంది. లోపమున్న వస్తువుని బిల్లులో రాసిన గడువులో, గడువు రాయకపోతే 30 రోజుల్లో వాపసు తీసుకోనని అనడం కూడా అంతే. గోడ మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన నకిలీ సరుకుకి అది వర్తించదు. బిల్లు మీద జీఎస్టీ నంబర్ 15 అక్షరాలు ఉంటుంది. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఒడిశా 21, ఆంధ్ర 37, తెలంగాణ 36. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ కొడితే ఏ పేరు మీద ఉందో లాగిన్ లేకుండానే కనిపిస్తుంది. షాపు ఒక పేరు, నంబర్ ఇంకో ఊరిది అయితే డబ్బు వేయకండి. బిల్లులో కార్డు మోడల్, సీరియల్ నంబర్ రాయించుకోండి. "గ్రాఫిక్ కార్డ్ 1" అని మాత్రమే రాస్తే రేపు దేన్నయినా చూపిస్తారు.

నకిలీవి కాకపోయినా పేరుతో బోల్తా కొట్టించేవి ఇంకా ఉన్నాయి. ఏఎండీ కంపెనీ ఆర్‌ఎక్స్ 580 అని చవగ్గా దొరికేవాటిలో చాలా వరకు 2048ఎస్‌పీ రకం. అసలు 580లో షేడర్లు 2304, ఇందులో 2048, అంటే 570తో సమానం. 570 ధరకి ఇస్తే ఫర్వాలేదు, 580 ధర అడిగితే వద్దు. పైగా ఈ 570, 580లు ఏళ్ల తరబడి రాత్రీ పగలూ ఎథీరియం మైనింగ్‌లో (ఆ డిజిటల్ కరెన్సీ సంపాదించే లెక్కల పనిలో) నడిచినవి చాలా ఉన్నాయి. 2022 సెప్టెంబర్‌లో ఎథీరియం ఆ పద్ధతి మానేశాక కుప్పలుగా సెకండ్‌హ్యాండ్ మార్కెట్‌కి వచ్చాయి. శుభ్రం చేసి, కొత్త ఫ్యాన్లు వేసి "రిఫర్బిష్డ్" అంటారు. కొన్నిటిలో మైనింగ్ కోసం మార్చిన బయాస్ అలాగే ఉంటుంది. అలాంటిది కొనాలంటే ఫర్‌మార్క్ లాంటి, కార్డు మీద పూర్తి భారం పెట్టే పరీక్ష మీ కళ్ల ముందు పావుగంట నడిపించండి. తెర మీద గళ్లు, చుక్కలు వచ్చినా, ఫ్యాన్ గిర్రున తిరుగుతున్నా వేడి 85 డిగ్రీలు దాటినా లేచి వచ్చేయండి.

జీటీ 1030 అయితే జీడీడీఆర్5 మెమరీదా, డీడీఆర్4దా అని అడగండి. పేరు ఒకటే, మెమరీ వేగం మాత్రం సెకనుకి 48 జీబీ ఎక్కడ, 17 జీబీ ఎక్కడ. డీడీఆర్4ది గేములకు దండగ. ఆర్‌టీఎక్స్ 3050లో కూడా 8 జీబీ, 6 జీబీ అని రెండున్నాయి. 6 జీబీది మెమరీ మాత్రమే తగ్గించినది కాదు, కోర్లు (షేడర్లు) కూడా తక్కువ. అయితే దానికి విడిగా పవర్ కేబుల్ అక్కర్లేదు, అందుకని పాత ఆఫీసు కంప్యూటర్లకు అదే నప్పుతుంది. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ మాత్రం పాత బోర్డుల్లో పెట్టకండి. అది మదర్‌బోర్డుతో డేటా పోయే దారులు (లేన్లు) నాలుగే వాడుకుంటుంది, పాత పీసీఐఈ 3.0 స్లాట్ ఉన్న బోర్డులో వేగం బాగా పడిపోతుంది.

1050 టీఐ నిజమైనదే దొరికినా కొత్తదాని ధర పెట్టకండి. ఎన్విడియా ఆ తరానికి గేమ్ రెడీ డ్రైవర్లను 2025 అక్టోబర్‌తో ముగించింది, 2028 దాకా భద్రతా అప్‌డేట్లు మాత్రమే ఇస్తుంది. నాలాంటివాడు సలహా ఇవ్వాలంటే, పాత ఆఫీసు కంప్యూటర్ ఉన్నవాళ్లు బిల్లూ వారంటీ మిగిలి ఉన్న జీటీఎక్స్ 1650 సెకండ్‌హ్యాండ్ చూడండి. చిప్పు టీయూ117, షేడర్లు 896. పవర్ కేబుల్ లేని రకం దొరుకుతుంది. కంప్యూటర్ క్యాబినెట్ పొట్టిదైతే కార్డు పట్టే ఎత్తు, పొడవు టేపుతో కొలుచుకుని వెళ్లండి.

ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చే పెట్టె) సంగతి కూడా. 450 వాట్లు అని స్టిక్కర్ ఉన్న లోకల్ ఎస్‌ఎంపీఎస్ బరువు లేకుండా తేలిగ్గా ఉంటే 580 లాంటి కార్డు దానికి తగిలించకండి. 580 ఒక్కటే 185 వాట్ల దాకా లాగుతుంది. "కన్వర్టర్ కేబుల్ వేసేద్దాం" అని, అంటే వేరే పవర్ ప్లగ్‌ని కార్డుకి సరిపడేలా మార్చే కేబుల్ వేద్దామని షాపువాడు అంటే ఒప్పుకోకండి, ఆ కేబుళ్లు కరిగిపోయినవి నేను చూశాను.

ఇప్పటికే కొనేసినవాళ్లు ఈ రాత్రే జీపీయూ-జెడ్ వేసి చూడండి. ఫేక్ అని వస్తే ఆ తెరని తేదీ, టైము కనిపించేలా ఫొటో తీయండి. డబ్బా, కార్డు రెండు వైపులా, సీరియల్ నంబర్, ఫోన్‌పే ట్రాన్సాక్షన్ ఐడీ, వాట్సాప్ మాటలు, పార్సిల్ రసీదు, అన్నీ ఒక ఫోల్డర్‌లో పెట్టుకోండి. చాట్ డిలీట్ చేయకండి. "కార్డు పంపండి, చూసి డబ్బు వేస్తాం" అంటే డబ్బు అకౌంట్‌లో పడేదాకా కార్డు చేతులు దాటనివ్వకండి. కేసులో మీకున్న సాక్ష్యం అదే. తీసుకోవడానికి మనిషి వస్తే, వాపసు తీసుకున్నట్టు సీరియల్ నంబర్‌తో సహా రాయించుకుని సంతకం పెట్టించుకున్నాకే ఇవ్వండి.