రాజు శవపేటిక ముందు ఏం మాట్లాడాలి? ఇద్దరు బిషప్‌లు, రెండు దారులు

చచ్చినవాడి కళ్ళు చారెడు అంటారు. పోయినవాడు రాజైతే ఆ కళ్ళు చేటంత అవుతాయి. కానీ 16వ శతాబ్దపు ఐరోపాలో రాజు అంత్యక్రియల్లో ప్రసంగించే బిషప్‌కు పొగడ్త ఒక్కటే సరిపోయేది కాదు. రాజు ఆత్మ ఇప్పుడు ఎక్కడుందన్న ప్రశ్న కూడా ఎదురుగా ఉండేది. కతోలికుల నమ్మకం ప్రకారం, పూర్తిగా పరిశుద్ధుడైతే తప్ప, మంచివాడైనా సరే, పరలోకానికి వెళ్లేముందు చిన్నాచితకా పాపాల శుద్ధి కోసం ఉత్తరించు స్థలంలో కొంతకాలం ఉండాల్సిందే. బతికున్నవాళ్ల ప్రార్థనలే అక్కడ ఆసరా.

ఫ్రాన్స్ రాజు మొదటి ఫ్రాన్సిస్ 1547 మార్చి 31న రాంబూయేలో చనిపోయాడు. మైనంతో ఆయన బొమ్మ చేసి, బతికున్న రాజుకు వడ్డించినట్టే రోజూ దాని ముందు భోజనం వడ్డించారు. మే నెలలో జరిగిన అంత్యక్రియల్లో ప్రసంగించింది మాకోన్ బిషప్ పియెర్ దు షాతెల్. పండితుడు, రాజుగారి గ్రంథాలయం చూసుకున్నవాడు, ఆయన చలవతోనే పైకొచ్చినవాడు. రాజు ఆత్మ నేరుగా పరలోకానికి వెళ్లిందని ఆయన అనేశాడు. మనం ఎవరు పోయినా ‘స్వర్గస్థులయ్యారు’ అనేస్తాం, ఎవరికీ పట్టదు. అక్కడ మాత్రం పారిస్ విశ్వవిద్యాలయంలోని సోర్బాన్ వేదాంతులకు టెన్షన్ పట్టుకుంది. నేరుగా వెళ్లాడంటే ఉత్తరించు స్థలం లేదన్నట్టే కదా, ఇది కతోలిక సభను ఎదిరించిన లూథర్ మాట కాదా అని ఫిర్యాదుకు బయల్దేరారు. రాజభవనంలో మెండోజా అనే అధికారి వాళ్లకు కడుపునిండా భోజనం పెట్టి పంపించాడని కథ. “మా రాజుగారు ఎక్కడా ఎక్కువసేపు నిలిచే మనిషి కాదు. ఉత్తరించు స్థలానికి వెళ్లినా ఓ గుక్క ద్రాక్షసారాయం రుచి చూసి లేచిపోయి ఉంటారు” అన్నాడట.

ఇంగ్లండ్‌లో అంతకు 38 ఏళ్ల ముందే ఒక బిషప్ వేరే దారి పట్టాడు. ఏడో హెన్రీ 1509 ఏప్రిల్ 21న పోయాడు. మే 10న లండన్ సెయింట్ పాల్స్‌లో, శవపేటిక ఎదురుగా, రోచెస్టర్ బిషప్ జాన్ ఫిషర్ ప్రసంగించాడు. రాజు గెలుపులూ తెలివితేటలూ చెప్పాడు గానీ, త్వరగానే దాటేశాడు. ఆయన ఆగింది మరణశయ్య దగ్గర. పాపసంకీర్తనం వేళ, అంటే గురువు ముందు తన పాపాలు ఒప్పుకునేటప్పుడు, రాజు ముప్పావుగంట సేపు వెక్కివెక్కి ఏడ్చాడని చెప్పాడు. దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా కతోలికులు నమ్మే అప్పం) ఉన్న పాత్రను తెస్తే, పైభాగాన్ని తాకే అర్హత లేదన్నట్టు దాని అడుగును ముద్దాడాడని చెప్పాడు. ముచ్చటపడి కట్టించుకున్న భవనాలూ తోటలూ ఆఖరికి రాజుకు సుఖమివ్వలేదన్నాడు. బతికితే న్యాయాధికారులను సంస్కరిస్తానని రాజు మాటిచ్చిన సంగతీ దాచలేదు. ఈ మాట పైకి మెత్తగా ఉన్నా లోపల పదునుంది: రాజు పేరుతో జనాన్ని పిండి డబ్బు గుంజిన ఎంప్సన్, డడ్లీ అప్పటికే చెరలో ఉన్నారు. వింటున్నవాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు. చివరికి ఫిషర్ కోరింది ప్రార్థన. రాజు కూడా ఉత్తరించు స్థలం భయంతోనే తన ఆత్మ కోసం చర్చిలో 10,000 దివ్యపూజలు చేయించమని వీలునామా రాశాడు, పూజకు ఆరు పెన్నీల చొప్పున.

ఏది మేలు? దు షాతెల్‌ది ప్రేమ, కాదనను. అన్నం పెట్టిన చేతిని తలచుకుని ఏడ్చే మనిషి లెక్కలు చూసుకుని మాట్లాడడు. అయినా నా ఓటు ఫిషర్‌కే. దు షాతెల్ తీర్పు చెప్పేశాక విన్నవాళ్లకు చేయడానికేమీ మిగల్లేదు. ఫిషర్ మాత్రం భయపడ్డ ఒక ముసలి మనిషిని చూపించి, సాయం చేయమని అడిగాడు. నిజానికి ఇందులో మొహమాటం కూడా కొంత ఉంది. దోపిడీని దోపిడీ అని ఆయనా అనలేదు. సూటిగా మాట్లాడితే ఏమవుతుందో 1558లో ఇంగ్లండ్ మేరీ రాణి అంత్యక్రియల్లో వించెస్టర్ బిషప్ జాన్ వైట్ చూశాడు. కొత్త రాణికి గుచ్చుకునేలా ప్రసంగించి గృహనిర్బంధంలో పడ్డాడు.

ఫిషర్ ప్రసంగాన్ని అచ్చు వేయించమని అడిగింది రాజు తల్లి మార్గరెట్ బ్యూఫోర్ట్. కొడుకు గొప్పలు రాసివ్వడానికి ఆస్థానంలో మనుషులకు కొదవలేదు. ఆమె మాత్రం కొడుకు ముప్పావుగంట ఏడ్చాడని చెప్పిన ప్రసంగాన్నే ఎంచుకుంది. అదే ఏడు జూన్ 29న ఆమె కూడా పోయింది. ఆమె కోసం ప్రసంగించింది కూడా ఫిషరే.