గుప్పెడంత కూజా కోసం స్టాక్‌హోమ్ దాకా

ముందే చెప్పేస్తాను, నేను స్వీడన్ వెళ్లింది 1950ల నాటి మట్టి కూజాల కోసం, అర్ధరాత్రి సూర్యుడి కోసం కాదు. మా పెద్దమ్మ కూతురు స్టాక్‌హోమ్ శివార్లలో ఉంటుంది, మనవాళ్లు చాలామంది ఉద్యోగాలు చేసే కిస్టాలో. 2023 జూన్‌లో ఎనిమిది రోజులకు వెళ్తే మొదటి మూడు రాత్రులు అక్క వాళ్లింట్లోనే గడిచాయి. తర్వాత ఊరి నడిమధ్యకి, సోదర్‌మాల్మ్‌లో ఒక హాస్టల్‌కి మారాను. వంటగది అద్దంలా ఉంది, నిశ్శబ్దంగా ఉంది, కానీ దుప్పటికీ తువ్వాలుకీ విడిగా డబ్బులు కట్టాలని చెక్ఇన్ దగ్గర నిలబడ్డాక తెలిసింది. అక్కడ చాలాచోట్ల అంతేనట, అక్క నవ్వింది.

పింగాణీకి పేరున్న గుస్తావ్స్‌బెర్గ్‌కి స్టాక్‌హోమ్‌లోని స్లుస్సెన్ కూడలి నుంచి బస్సు, అరగంట పైన పడుతుంది, సిటీ టికెట్టే చెల్లుతుంది. అప్పుడు స్లుస్సెన్ అంతా తవ్వకాలు, నాకు బస్సు ప్రయాణం కంటే బస్సు ఎక్కడ ఆగుతుందో వెతుక్కోవడానికే ఎక్కువ టైం పట్టింది. దిగాక మాత్రం అలసట పోతుంది, 1825లో మొదలైన పింగాణీ ఫ్యాక్టరీ, దాని చుట్టూ నీళ్లు, పాత ఇటుక భవనాలు. మ్యూజియంలో ఈ ఫ్యాక్టరీ డిజైనర్ విల్‌హెల్మ్ కోగే చేసిన ఆర్జెంటా పాత్రల ముందు చాలాసేపు నిలబడ్డాను, ఆకుపచ్చ పూత మీద వెండి బొమ్మలు, 1930 నాటివి. ఇక్కడి మరో డిజైనర్ స్టిగ్ లిండ్‌బెర్గ్ ఆకుల బొమ్మల కప్పులు అందరికీ నచ్చుతాయి, ఇప్పటికీ కొత్తవి తయారవుతున్నాయి, ఫ్యాక్టరీ షాపులో దొరుకుతాయి, నేను కొనలేదు.

నా పిచ్చి బెర్న్ట్ ఫ్రిబెర్గ్. కుమ్మరుల కుటుంబంలో 1899లో పుట్టి, 1934లో ఈ ఫ్యాక్టరీలో చేరి, పదేళ్లపాటు వేరేవాళ్లు గీసిన ఆకారాలను సారె మీద తిప్పి, ఆ తర్వాతే సొంత పేరుతో చేసుకున్నాడు. కానీ మ్యూజియంలో ఆయన కూజాలు అద్దం వెనక ఉంటాయి. మనం సంతలో కుండ కొంటే వేలితో కొట్టి చూడకుండా డబ్బులిస్తామా?

అందుకే నా లెక్కలో స్టాక్‌హోమ్‌లో అన్నిటికంటే మంచి మ్యూజియం వేలంపాట సంస్థల ప్రదర్శన గది. బుకోవ్‌స్కిస్‌లో గానీ, 1674 నుంచి నడుస్తున్న స్టాక్‌హోమ్స్ ఆక్షన్స్‌వెర్క్‌లో గానీ వేలానికి ముందు సరుకు చూడనిస్తారు, పైసా ఖర్చు లేదు, అడిగితే చేతికే ఇస్తారు. నాకు అరచేతిలో పట్టేంత ఫ్రిబెర్గ్ కూజా ఇచ్చారు. పొట్ట గుండ్రం, మెడ సన్నం, మూతి అయితే నా చిటికెన వేలు కూడా దూరదు. చూపులకు బరువనిపించింది, తీరా పట్టుకుంటే కోడిగుడ్డంత తేలిక. గోధుమ రంగు పూతలో నీలం చారలు కుందేలు బొచ్చులా కిందికి జారి, అడుగుకి వెంట్రుకవాసి పైన ఆగిపోయాయి. పాత చైనా గిన్నెల నుంచి వచ్చిన పద్ధతి ఇది. తిరగేస్తే పూత లేని అడుగున చేత్తో గీసిన సంతకం, చెయ్యి బొమ్మతో ఉన్న స్టూడియో గుర్తు, పక్కన సంవత్సరాన్ని చెప్పే ఒక అక్షరం. మూతి చుట్టూ వేలు తిప్పి చూడండి, పెచ్చు ఊడితే కంటికంటే ముందు వేలికే తెలుస్తుంది. అతికించి రంగు వేసిన చోటు చాలాసార్లు అల్ట్రావయొలెట్ టార్చి కింద వేరేగా మెరుస్తుంది, చిన్న టార్చి జేబులో పెట్టుకెళ్లండి. పాటలో గెలిచిన ధర మీద దాదాపు పావు వంతు కమిషన్ పడుతుంది, బడ్జెట్ వేసుకునేటప్పుడే కలుపుకోండి, నేను మర్చిపోయి బిల్లు చూసి నీళ్లు నమిలాను. మొత్తం 2,600 క్రోనాలయింది, క్రోనా అప్పట్లో 8 రూపాయల లోపే.

ఆదివారం హోటోర్గెట్ చౌకులో పాత సామాన్ల సంత పెడతారు. చూడ్డానికి పండగే, కొనడానికి తలనొప్పి, ఎందుకంటే చాలామంది స్విష్ అనే ఫోన్ యాప్‌లోనే డబ్బు తీసుకుంటారు, దానికి స్వీడన్ బ్యాంకు ఖాతా ఉండాలి. రోర్‌స్ట్రాండ్ అనే పింగాణీ కంపెనీ గుర్తున్న ఒక చిన్న గిన్నె కోసం అక్కకి ఫోన్ చేసి ఆవిడ చేత కట్టించాను. లేకపోతే అది నా కళ్ల ముందే పోయేది!

లిద్‌షోపింగ్ అనే ఊరు కూడా వెళ్లాను, రోర్‌స్ట్రాండ్ మ్యూజియం కోసం. కంపెనీ 1726 నాటిది, అక్కడి ఫ్యాక్టరీ 2005లో మూతపడింది. ఆ కంపెనీలో పనిచేసిన కార్ల్-హారీ స్టాల్హానే కూజాలు బాగున్నాయి కానీ రైళ్లు మారుతూ రాను పోను రోజంతా పోయింది. వారం రోజులే ఉంటే వదిలేయండి.

ప్యాకింగ్ సంగతి. ఒక కొరియర్ వాళ్లకి గిన్నె ఇస్తే దాని ధరకి రెట్టింపు తీసుకున్నారు, హైదరాబాద్ చేరేసరికి అంచు విరిగింది, క్లెయిమ్ ఇప్పటికీ తేలలేదు. ఫ్రిబెర్గ్ మాత్రం ఉన్ని మేజోడులో చుట్టుకుని, నా హ్యాండ్ బ్యాగులో, కాళ్ల దగ్గరే కూర్చుని వచ్చింది.