రాగి లైన్లకు ముల్లు మీటరు: చాలాకాలం వాడాక నా అభిప్రాయం

పర్లాకిమిడి వైపు ఫైబర్ వచ్చాక ఇళ్లలో ల్యాండ్‌లైన్లు చాలావరకు పోయాయి. అయినా లాడ్జీలు, ఆసుపత్రులు, బడుల ఇంటర్‌కమ్‌లు రాగి తీగ మీదే నడుస్తున్నాయి. ఆ పనికి నా సంచిలో ఇప్పటికీ ఉండేది వోల్టుకు 20,000 ఓమ్‌ల మామూలు ముల్లు మీటరు (అనలాగ్ మల్టీమీటరు).

దాని విలువంతా ముల్లు కదలికలో ఉంది. లైనును ఎక్స్ఛేంజి వైపు విడదీసి, అవతల రిసీవరు పెట్టేసి ఉండగా, ఓమ్ రేంజిలో (నిరోధం కొలిచే అమరికలో) రెండు తీగలకూ ప్రోబులు ఆనించండి. ముల్లు ఎగిరి మళ్లీ మొదటికి వస్తుంది. ప్రోబులు తారుమారు చేస్తే ఇంకా పైకి ఎగురుతుంది. ఫోనులో గంటకు వరుసలో ఉండే కెపాసిటరు చార్జి అవడమే ఈ ఎగురుడు. అంటే తీగ ఫోను దాకా బాగుంది. ముల్లు అసలు ఉలకకపోతే దారిలో ఎక్కడో తెగింది. ఎగిరి మధ్యలోనే నిలబడిపోతే లీకేజి. వర్షాకాలంలో ముందు జాయింట్లు విప్పి చూస్తాను. డిజిటల్ మీటరు అంకె కుదుర్చుకునేలోగా ఇదంతా అయిపోతుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను గజపతి జిల్లాను కుదిపాక దీని అసలు పనితనం తెలిసింది. చెట్ల కింద నలిగిన డ్రాప్ వైర్లు (స్తంభం నుంచి ఇంటికి వచ్చే తీగలు) పైకి చెక్కుచెదరనట్టే కనిపించేవి. చివర రెండు తీగలూ కలిపి, నేను వైరును జానెడు జానెడుగా వంచుతూ పోతే, సహాయకుడు మీటరు చూసేవాడు. "అన్నయ్యా, ఇక్కడ వణుకుతోంది" అనగానే అక్కడ తొక్క ఒలిచేవాళ్లం. లోపల తీగ విరిగి, కొనలు ఒరుసుకుంటూ ఉండేవి.

మిగతా కొలతలకు డిజిటల్ అయినా ఒకటే. ఫోను ఎత్తనప్పుడు లైనులో 48 వోల్టుల దాకా, ఎత్తాక పదికి అటూ ఇటూ ఉంటుంది. అర మిల్లీమీటరు తీగ అయితే రానుపోను కలిపి కిలోమీటరుకు సుమారు 168 ఓమ్‌లు. ఒక్కచోట మాత్రం ముల్లుదే పైచేయి: కరెంటు తీగల వెంట సాగే, వాడకంలో లేని ఫోను తీగల జతలో డిజిటల్ మీటరు లేని వోల్టేజి చూపి కంగారు పెడుతుంది. ముల్లు మీటరు ఎక్కువ కరెంటు లాగుతుంది కనుక ఆ దొంగ వోల్టేజి దాని ముందు నిలవదు.

ఇక చిరాకులు. రేంజి మార్చిన ప్రతిసారీ సున్నా సరిచేయాలి. బ్యాటరీ నీరసిస్తే చిన్న ఓమ్ రేంజిలో ముల్లు సున్నాకు రానే రాదు. చాలా మోడళ్లలో ఓమ్ రేంజిలో నల్ల ప్రోబుకే ప్లస్ వస్తుంది. డయోడ్లు చూసేవారికి ఇది తికమక. ఎక్స్ఛేంజి బ్యాటరీ ఉన్న లైనుకు ఓమ్ రేంజి తగిలిస్తే కాయిలుకే ముప్పు. అందుకే ఫ్యూజు ఉన్నదే కొనండి. స్కేలు వెంట అద్దం పట్టీ ఉంటే మరీ మంచిది: ముల్లూ దాని నీడా ఒకటిగా కనిపించేలా చూస్తే అంకె తప్పదు.

ఇన్సులేషన్ సంగతి దీన్ని అడగవద్దు. లోపలి కొద్దిపాటి వోల్టులకు కేబులు బాగున్నట్టే కనిపిస్తుంది. దానికి 500 వోల్టుల మెగ్గరు (ఎక్కువ వోల్టేజితో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) కావాలి, అదీ రెండు చివరలా పరికరాలన్నీ విప్పేశాకే.