డ్యాష్‌క్యామ్ హార్డ్‌వైరింగ్ చేయించుకునేటోళ్లు జర చూస్కోండ్రి: నా కిట్టు వాళ్ల డ్రాయర్ల, నా బ్యాటరీ గోవిందా

ఇప్పుడే షాపు నుంచి వచ్చిన. చేతులు ఇంకా వణుకుతున్నయి, టైపింగుల తప్పులుంటే ఏమనుకోకుండ్రి. హన్మకొండల కారు సామాన్ల షాపు అంటే మీకు మతికొచ్చేదే అనుకోండ్రి. పేరు రాయను. రాస్తే నా మీదనే కేసు పెడ్తనంటడు, అంత పనిమంతుడు. ఎందుకంటున్ననో కిందికి చదివితే తెలుస్తది.

నెల కింద కాజీపేటల ఒక బైకాయన ఉల్టా వచ్చి గుద్ది, తప్పు నాదే అని నలుగురిని జమ చేసిండు. గందుకే డ్యాష్‌క్యామ్, అంటే బండి ముందు అద్దానికి పెట్టి రోడ్డును రికార్డు చేసే క్యామెర కొన్న. రాత్రి గేటు బయట పెట్టిన బండిని కూడ చూస్కోవాలె అని క్యామెరను బండి ఫ్యూజు బాక్సుకు సీదా కలిపే మూడు వైర్ల హార్డ్‌వైర్ కిట్టు 1,900 పెట్టి ఆన్‌లైన్ల తెప్పించిన. పసుపు వైరు ఎప్పుడూ కరెంటుండే ఫ్యూజుకు, ఎర్రది తాళం తిప్పితేనే కరెంటొచ్చే ఫ్యూజుకు, నల్లది బాడీ లోహానికి. తాళం తీస్తే ఎర్రదాంట్ల కరెంటు పోతది, క్యామెర పార్కింగ్ మోడ్‌కు పోతది, అంటే ఆగిన బండిని కాపల కాసుకుంట ఉంటది. బ్యాటరీ 12.2 వోల్టులకు దిగితే కిట్టే క్యామెరను బంద్ చేస్తది. ఆ బంద్ చేసుడు కోసమే అన్ని పైసలు పెట్టుడు. వీడియోలు చూసి చూసి ఇదంతా నోటికొచ్చింది నాకు. ఇంత తెలిసినోడు బండి పక్కన ఒక్క గంట నిలబడొద్దా? లేదు. రోడ్డవతల హోటల్ల కూసొని ఫోన్ల క్రికెట్ చూసుకుంట చాయ్ తాగిన.

వచ్చి చూస్తే ఎక్కడా వైరు కనబడ్తలేదు, క్యామెర మీద ఎర్ర లైటు మంచిగ మెరుస్తున్నది. "ఫిట్టింగ్ ఎట్లున్నది సార్, కంపెనీ లెక్క లేదా?" అన్నడు ఓనరు. లేబర్ 1,200 ఇచ్చిన. బిల్లు అడగలే. పైకెంచి పని చేసిన పోరనికి చాయ్ పైసలని యాభై ఇచ్చిన. ఆ 1,200 కన్నా ఈ యాభై యాదికొస్తెనే నెత్తి కొట్టుకోబుద్ధైతున్నది.

ఇది గురువారం ముచ్చట. శుక్రవారం, శనివారం బండి కదపలే. ఆదివారం పొద్దుగాల నాలుగున్నరకు బిడ్డను కాజీపేటల ట్రైన్ ఎక్కియ్యాలె. రిమోట్ ఒత్తితే డోర్ లాక్ చప్పుడే లేదు. తాళంతోని తీసి స్టార్ట్ కొడితే టక్ టక్ టక్, గంతే. ఆ చీకట్ల సూట్‌కేసు పట్టుకొని ఆటో కోసం ఉరికినం. రైలు కదులుతుంటే ఎక్కింది పిల్ల. వాళ్లమ్మ నన్ను చూసిన చూపు రాస్తే ఇంకో పోస్టు అయితది.

మా సడ్డకుడు నర్సంపేటల ఆటో ఎలక్ట్రీషియను. మధ్యాహ్నం వచ్చి మీటరు పెట్టిండు: 9.4 వోల్టులు. నిండుగ ఛార్జైన బ్యాటరీ బండి బందున్నప్పుడు 12.6 చూపాలె. స్టీరింగు కింద ఫ్యూజు బాక్సు మూత తీసి రెండు నిమిషాలు ఏం మాట్లాడలే. తర్వాత "బావా, నీ మూడు వైర్ల కిట్టు ఏది?" అన్నడు. లోపల ఉన్నది రెండు వైర్ల అగ్గువ కన్వర్టరు. 12 వోల్టులను 5 చేసుడు తప్ప దానికి ఇంకో పని రాదు, బ్యాటరీ దిగితే బంద్ చేసే కటాఫ్ లేదు, ఏం లేదు. ఫ్యూజు బాక్సుల కొత్త వైరుకు వేరే ఫ్యూజుతోని పాయింటు తీసే ఫ్యూజు ట్యాప్ కూడ పెట్టలే. వైరు కొస ఒలిచి, లోపలి లైటు ఫ్యూజు కాలుకు చుట్టి, ఫ్యూజును అండ్లనే దొబ్బిండ్రు. మీదికెంచి నల్ల టేపు. మధ్యల వేరే ఫ్యూజు లేదు, వైరు ఎక్కడన్న ఒరుసుకపోతే ఏమైతదో మీరే అనుకోండ్రి. ఇంకో బ్యాటరీ తెచ్చి కొలిస్తే క్యామెర ఒక్కటే 0.38 ఆంపియర్లు గుంజుతున్నది. దినానికి 9 ఆంపియర్-అవర్లు. నా బ్యాటరీ 35 ఆంపియర్-అవర్లది, మూడేండ్ల పాతది. ఇగ లెక్క ఏమున్నది, మూడో పొద్దుకు ఖతం.

అసలు ముచ్చట ఇప్పుడున్నది. క్యామెర మెమరీ కార్డు తీసి ల్యాప్‌టాప్‌ల పెట్టినం. క్యామెర మా గేటునే రాత్రింబగళ్లు రికార్డు చేసి పాతవన్నీ చెరిపేసుకున్నది. బండికి దెబ్బ తగిలినట్టు అనిపిస్తే జీ-సెన్సర్ ఆ ఫైలును లాక్ చేస్తది, దాని మీద కొత్తది రాయది. అట్ల లాకైనవి మూడు. రెండు స్పీడ్ బ్రేకర్లవి. మూడోది షాపుల పోరడు డోరు ధన్ మని వేసినప్పటిది.

వీడియోల ఎదురుంగ రోడ్డు. రోడ్డవతల హోటలు. హోటల్ల నేను. గ్లాసు చేతుల పట్టుకొని ఫోన్ చూసుకుంట నవ్వుతున్న. వెనక నుంచి మాట స్పష్టంగ వినబడ్తున్నది:

"అన్నా, సార్ తెచ్చిన కిట్టో?"

"లోపల పెట్టురా. మనది వెలుగుతలేదా? ఆయనకేం ఎర్కైతది."

ఐదారు సార్లు విన్న. నేను నవ్వుతనే ఉన్న.

ఇయ్యాల పోయిన. ఓనరు సీటు కవరు కత్తిరిస్తున్నడు, తల ఎత్తలే. బ్యాటరీ పోయిందంటే "పాత బ్యాటరీ పోతే నేను జిమ్మెదారా సార్?" అన్నడు. నా కిట్టు ఏదన్నా అంటే "ఏ కిట్టు? మీరు క్యామెర ఒక్కటే ఇచ్చిండ్రు" అన్నడు. ఏం అనలే, ఫోన్ల ఫైలు పెట్టి సౌండ్ పెంచిన. షాపుల ఇంకో ఇద్దరు గిరాకీలున్నరు. అందరం విన్నం. కత్తెర ఆగింది. సిగ్గుపడ్తడు, సారీ అంటడు, పైసలు వాపస్ ఇస్తడు అని నేను అనుకుంటున్న. ఆయన ఏమన్నడో చూడుండ్రి:

"సార్, పర్మిషన్ లేకుండ మా మాటలు రికార్డు చేసిండ్రా? ఇది తప్పు కదా? చదువుకున్నోళ్లు మీరు."

నాకు నోట మాట రాలే. క్యామెర నాది, బండి నాది, కిట్టు నాది, తప్పు కూడ నాదేనట. తర్వాత గల్లా కింది డ్రాయరు గుంజి కిట్టు తీసిండు. నా పేరు, అడ్రసు ఉన్న స్టిక్కరు డబ్బ మీద అట్లనే ఉన్నది, చింపే ఓపిక కూడ లేకపాయె. "ఇగో, తీస్కపోండి. మల్ల ఫిట్ చేయాల్నంటే మూడు వందలైతది." ఆ గిరాకీల ఒకాయన ఫక్కుమని నవ్విండు. ఎవరిని చూసి నవ్విండో నేను అడగలే.

కొత్త బ్యాటరీ, పాతది ఇచ్చినంక 4,200 పడ్డది. 1,200 వాపస్ ఇయ్యలే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేస్త, కానీ చేతుల బిల్లు లేదు, యూపీఐ మెసేజ్ ఒక్కటే ఉన్నది. చూడాలె.

చేయించుకునేటోళ్లు బిల్లు తీస్కోండ్రి, ఫ్యూజు ట్యాప్ పెట్టినట్టు ఫోటో కొట్టుకోండ్రి. తాళం తీసినంక క్యామెర పార్కింగ్ మోడ్‌కు పోయిందా చూసినంకనే పైసలియ్యుండ్రి. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్ (బ్రేకులది) ఫ్యూజుల జోలికి పోనియ్యకుండ్రి. పక్క అద్దాల మీదికెంచి తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగులున్న బండ్లల్ల ముందు అద్దం పక్క పిల్లరు కాడ వైరు బ్యాగుకు అడ్డం రాకుండ వెనక నుంచి పోవాలె. చాయ్ ఇంట్ల తాగి పోండ్రి.

క్యామెరను ఇప్పటికైతే లైటరు సాకెట్ల పెట్టుకున్న, నా బండిల తాళం తీస్తే అదే బంద్ అయితది. కిట్టు ఇంకా డబ్బలనే ఉన్నది. వచ్చే ఆదివారం మా సడ్డకుడు వస్తడు, ఈసారి టార్చి పట్టుకొని నేనే నిలబడ్త.